ఎడమకాలికి ఆట నేర్పిన పంతులు



వేసవి వచ్చినదనగానే మన మైలవరం, నూజివీడు ప్రాంతములలో పెద్దలకు మామిడి తోటల పని, పిల్లలకు బడి సెలవులు. పెద్దలు తెల్లవారకముందే చిక్కములు భుజముపై వేసికొని కోతకు పోవుదురు. పిల్లలు ఖాళీ స్థలము ఎక్కడ దొరికిన అక్కడ బంతితో ఆడుదురు. కాయ ఉన్న దినములలో తోటలోనికి వారిని కావలివారు రానియ్యరు. రోడ్డుమీద ఆడుదమన్న కాయల లారీల భయము. తుదకు వారికి మిగులునది గుడి ఆవరణము ఒక్కటే.

కొన్ని ఏండ్ల క్రిందట అట్టి వేసవి సాయంకాలమున మేము ఒక పల్లె సంఘమునకు కూటము నిమిత్తము పోయితిమి. ప్రార్థన ఆరంభము కాకమునుపు ఆవరణములో పది పన్నెండుగురు బాలురు ఫుట్‌బాలు ఆడుచుండిరి. బంతి వచ్చి గుడి తలుపునకు తగిలెను. మేము కోపించి వారిని బయటకు పొమ్మంటిమి. అందరును పరుగెత్తిరి గాని ఒక బాలుడు పరుగెత్తలేదు. వానికి ఒక కాలు సన్నము. వాడు ఆటలో చేరినవాడు కాడు. గోడ ప్రక్కన నిలిచి, దూరముగా పోయిన బంతిని తెచ్చి యిచ్చువాడు. వాడే ఆ బంతిని చంకను పెట్టుకొని, మావైపు ఒకసారి చూచి, మెల్లగా నడిచి వెళ్లిపోయెను. ఆ రాత్రి మేము ఏ వాక్యముపై ప్రసంగించితిమో ఇప్పుడు జ్ఞాపకము లేదు. ఆ బాలుని చూపు మాత్రము జ్ఞాపకమున్నది. ఆ పల్లె పేరు ఇక్కడ వ్రాయము. తప్పు పల్లెది కాదు, మాది.

ఈ మధ్య హైదరాబాదు బడిపంతులు ఒకరి జీవితమును గూర్చి తెలిసికొన్నప్పుడు ఆ చూపు మరల మా కన్నులయెదుట నిలిచినది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీము గారు. ఆయన మన సంఘమువారు కారు, ఇస్లాము మతస్థులు. అయినను మంచి ఉపాధ్యాయుని బ్రదుకు ఎవరు చదివినను లాభమే గనుక, ఈ నెల ఆయన కథను మన పత్రికలో వ్రాయుచున్నాము.

రహీము గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. అది నిజాము ప్రభువుల కాలము. సికింద్రాబాదులో ఇంగ్లీషు దండు ఉండెడిది గనుక సైనికులు ఆడు ఫుట్‌బాలు ఆట ఆ జంటనగరముల బాలురకు చిన్ననాటనే పరిచయమాయెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఫుట్‌బాలు ఆట అక్కడను, మూసీ యొడ్డున నున్న సిటీ కాలేజీలోను బాగుగా వేరూనెను. రహీము గారు విశ్వవిద్యాలయపు జట్టులో ఆడిరి. సిటీ కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి కట్టిన జట్టులోను ఆడిరి. పిమ్మట కమర్ క్లబ్బు తరపున ఆడిరి.

ఆయన పట్టా పుచ్చుకొని చేరినది పెద్ద ఉద్యోగములో కాదు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయులైరి. తరువాత మరికొన్ని బడులలో పనిచేసిరి. ఒక సంవత్సరము వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చి, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను ఆటల బాధ్యత వహించిరి. ముందు ముందు దేశపు జట్టుకే ఆయన గురువైరి, సముద్రములు దాటి పోయిరి. కాని ఆయన మొదట బడిపంతులే. ఈ సంగతి మనము గుర్తుంచుకొనవలెను. ఆయన ఆటను చూచినది బడిపంతులు కన్నుతోనే.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యైరి. అప్పుడు ఆయన కన్న లోపము ఒకటి కలదు. మన బాలురలో నేర్పరితనము లేక కాదు, కలిసి ఆడుట లేదు. బంతి కాలికి చిక్కెనా, ఒక్కడే దానిని త్రిప్పుచు, ఎదుటివారిని ఏమార్చుచు, చూచువారిచే చప్పట్లు కొట్టించుకొనవలెనని కోరును. ప్రక్కన ఖాళీగా నిలిచియున్న తోటివాని కంటె తన గొప్పయే వానికి ముఖ్యము. రెండవ లోపము ఏమనగా, చాలమందికి కుడికాలే వాటము. ఎడమకాలు నిలుచుటకు తప్ప మరి దేనికిని పనికిరానట్లు ఆడుచుండిరి. ఎదుటి జట్టువారు ఈ గుట్టు తెలిసికొని ఎడమవైపునకు నెట్టినచో ఆటగాడు అక్కడనే ఆగిపోవును.

వీటికి రహీము గారు కనుగొన్న మందు బడిపంతులు మందే. ఆయన ఉపన్యాసములు చెప్పలేదు, పోటీలు పెట్టిరి. ఒక పోటీలో ఎవడును బంతిని తనయొద్ద ఉంచుకొని త్రిప్పరాదు. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందింపవలెను. ఇంకొక పోటీలో వాటమైన కాలితో బంతిని తన్నరాదు. బలహీనమైన కాలితోనే ఆడవలెను. చిన్నవారు పెద్దవారి భుజబలము క్రింద నలిగిపోకుండ, ఎత్తు కొలిచి, పొట్టి బాలురకు వేరుగా పోటీలు పెట్టిరి. మొదట ఈ ఆట చూచువారికి నవ్వు వచ్చియుండును. పేరుపొందిన ఆటగాడు ఎడమకాలితో తన్నబోయి తడబడుట వింతగానే ఉండును గదా! కాని కొంతకాలమునకు ఆ ఎడమకాలు కూడ కాలాయెను. ఎటు నెట్టినను ఆగని ఆటగాండ్రు తయారైరి.

మన మామిడి రైతులకు ఈ పద్ధతి క్రొత్త కాదు. అంటుమొక్క నాటిన పిమ్మట మొదటి రెండు మూడేండ్లు పూత వచ్చినను దానిని గిల్లివేయుదురు. తెలియనివారికి అది నష్టముగా కనబడును. చేతికి వచ్చిన పూతను నేలపాలు చేయుట ఏమి బుద్ధి అందురు. కాని ముందు వేరు దిగవలెను, మాను బలపడవలెను, కాపు తరువాతి మాట అని రైతునకు తెలియును. రహీము గారు బాలురలోని తొందరపాటు పూతను అట్లే గిల్లిరి.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చెను. ఆ సంవత్సరమే ఆ జట్టు డ్యూరాండు కప్పు చివరి పోటీలో కలకత్తాలోని పేరుగన్న మోహన్‌బగాన్ జట్టును ఓడించెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలుచుకొనెను. దేశమంతయు హైదరాబాదు వైపు చూచెను. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు రహీము గారు భారత జట్టును తీర్చిదిద్దిరి. చివరి ఆటలో ఇరాను జట్టుపై ఒక గోలుతో మనవారు గెలిచి బంగారు పతకము పొందిరి.

అయితే మరుసటి సంవత్సరమే గర్వభంగము. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిపై పది గోలులు చేసెను. మనవారు చేసినది ఒక్కటి. ఆ చలిదేశములో మన ఆటగాండ్రలో పలువురు వట్టి కాళ్లతో ఆడిరి. మన నేలమీద వట్టికాలితో బంతి చక్కగా మాట వినును. అక్కడి నేల వేరు, చలి వేరు, ఎదుటివారి బూట్లు వేరు. ఆ ఓటమి తరువాత మన దేశములో బూట్లు తొడిగి ఆడవలెనను నియమము వచ్చెను. రహీము గారు ఆ అవమానము వలన క్రుంగిపోలేదు. ఐరోపా జట్లు ఆటగాండ్రను మైదానమున నిలుపు తీరును శ్రద్ధగా చూచి నేర్చుకొనిరి. నలువదియేండ్లు దాటిన గురువు మరల విద్యార్థి యైరి. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు క్రొత్త పద్ధతిని మనవారికి నేర్పినది ఆయనయే.

నాలుగేండ్లకు ఫలము కనబడెను. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో మనవారు ఆస్ట్రేలియా జట్టును నాలుగు గోలులకు రెండు గోలులతో ఓడించిరి. నెవిల్ డిసౌజా అను ఆటగాడు ఒక్కడే మూడు గోలులు చేసెను. ఆ క్రీడలలో మన దేశము నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశము అంత పైకి పోయినది అదే మొదలు, ఇప్పటివరకు అదే తుది. ఆ జట్టులో సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడ అను పల్లెవాడు, బీద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాము కూడ ఉండెను. అప్పటికి వాని వయస్సు ఇరువదేండ్లు.

ఇక్కడ మరియొక దేశపు సంగతి కొంచెము చెప్పవలసియున్నది. బలహీనమని త్రోసివేయబడినది శిక్షణచేత బలపడుట ఒక్క కాలి విషయములోనే కాదు, ఒక జాతి విషయములోను జరిగినది. అమెరికాలో నల్లవారి బానిసత్వము 1865లో తొలగింపబడినను, దక్షిణ రాష్ట్రముల తెల్లవారి కళాశాలలు వారిని చేర్చుకొనలేదు. అందుచేత వారికొరకు వేరుగా కళాశాలలు లేచినవి. వాటిలో చాలవరకు సంఘములు స్థాపించినవే. 1892 డిసెంబరు 27వ తేదీన ఉత్తర కరోలినా రాష్ట్రమందలి సాలిస్బరీ పట్టణమున, మంచు కురియుచుండగా, అట్టి రెండు కళాశాలలు మొదటిసారి ఫుట్‌బాలు పోటీ ఆడినవి. ఒకటి ప్రెస్బిటేరియను సంఘమువారి బిడిల్ కళాశాల, రెండవది మెథడిస్టు శాఖలలో ఒకటైన నల్లవారి జియోను సంఘమువారి లివింగ్‌స్టన్ కళాశాల. అమెరికావారి ఫుట్‌బాలు మన ఆటవంటిది కాదు. బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు. లివింగ్‌స్టన్ ఆటగాండ్రకు ఆట దుస్తులను వారి కళాశాల విద్యార్థినులే కుట్టియిచ్చిరి. బంతి కొరకు బాలురు తలా కొంత వేసికొనిరి. రోజు తొడుగుకొను చెప్పులకే అడుగున మేకులవంటివి బిగించుకొనిరి. ఆ దినము బిడిల్ వారు గెలిచిరి. గెలుపు ఎవరిదైనను, ఆ మంచులోనుండి ఒక గొప్ప ఆచారము పుట్టినది.

బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టను గారు 1881 నుండి నడిపిన టస్కిగీ విద్యాలయమును గూర్చి మన పెద్దలు కొందరు వినియుందురు. అక్కడ 1923 మొదలు 1955లో తాను కన్నుమూయువరకు క్లీవ్ ఆబట్ అను గురువు ఆటలు నేర్పిరి. ఆయన ఫుట్‌బాలు జట్టు రెండు వందలకు పైగా పోటీలు గెలిచెను. అంతకంటె ముఖ్యమైనది, బాలికలు పరుగుపందెములకు తగరని లోకము తలంచు దినములలో ఆయన వారికి మైదానము తెరచిరి. ఆలిస్ కోచ్‌మన్ అను బాలిక, నల్లజాతివారిని మైదానములలోనికి రానియ్యని ఊరిలో, మట్టిరోడ్లపై వట్టికాళ్లతో పరుగెత్తి పెరిగినది. టస్కిగీలో శిక్షణ పొంది, 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో ఎత్తు దూకుటలో బంగారు పతకము గెలిచినది. ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకము పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెయే. ఆబట్ గారును రహీము గారును ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరి పనియు ఒక్కటే. ఎవరును ఎన్నుకొననివారిని పిలిచి, వారికి చోటిచ్చి, పట్టువిడువక నేర్పిరి.

తిరిగి రహీము గారి కథకు వత్తము. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో మనవారు ఫ్రాన్సు జట్టుతో సమానముగా నిలిచిరి. 1962లో ఇండోనేషియాలోని జకార్తాలో ఆసియా క్రీడలు వచ్చినవి. అప్పటికే ఆయన ఆరోగ్యము సన్నగిల్లుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో మనవారు ఓడిరి. తరువాత థాయిలాండు, జపాను జట్లను గెలిచిరి. అయితే థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. అతడు వెనుక నిలిచి గోలును కాపాడువాడు. అట్టి గాయము తగిలినవానిని ఎవరైనను ప్రక్కన కూర్చుండబెట్టుదురు. రహీము గారు అతనిని వెనుకనుండి తీసి ముందువరుసలో నిలిపిరి. తలకు కట్టుతోనే అతడు దక్షిణ వియత్నాముతో జరిగిన ఆటలో ఒక గోలు చేసెను.

సెప్టెంబరు 4వ తేదీన చివరి ఆట, మరల దక్షిణ కొరియాతోనే. రాజకీయ వివాదమొకటి చెలరేగుటచేత ఆ దినములలో జకార్తా ప్రజలు మనవారిపై ఆగ్రహముతో ఉండిరి. మైదానములో సుమారు లక్షమంది. దాదాపు అందరును మనకు ప్రతికూలముగా కేకలు వేయువారే. గోలు కాపాడుటకు రహీము గారు ఎంచుకొన్నది జ్వరపడి లేచిన పీటరు తంగరాజును. అతడును హైదరాబాదు సీమలో పుట్టినవాడే. ఆట మొదలైన ఇరువది నిమిషములలోపుననే పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. కొరియావారు చివరలో ఒక గోలు మాత్రము చేయగలిగిరి. మనవారు గెలిచిరి. ఆటకు ముందు గురువుగారు తమను ఒక బహుమానము అడిగిరనియు, అది బంగారు పతకమే యనియు ఆటగాండ్రు తరువాతి కాలమున చెప్పుకొనిరి. తలకు కట్టు ఉన్నవాడు, జ్వరమునుండి లేచినవాడు, లోలోపల రోగము తినివేయుచున్న గురువు, వీరు కలిసి తెచ్చిన పతకమది.

తొమ్మిది నెలలు గడిచెను. 1963 జూన్ 11వ తేదీన రహీము గారు ఊపిరితిత్తుల కాన్సరుతో హైదరాబాదులో కన్నుమూసిరి. వయస్సు ఏబదిమూడేండ్లు మాత్రమే. ఆయన నాటిన చెట్టు కొంతకాలము కాచినది. 1965వ సంవత్సరపు సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచినది. కాని ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశమునకు 1962 తరువాత మరల బంగారు పతకము రాలేదు. 1960 తరువాత మన జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలు మైదానమున అడుగే పెట్టలేదు. 2024లో ఆయన జీవితమును గూర్చి హిందీలో ఒక చలనచిత్రము వచ్చువరకు మన తెలుగు పిల్లలలో ఎంతమందికి ఆయన పేరు తెలియును? తోట కాయలను తిన్నవారు తోటమాలిని మరచుట లోకరీతి.

ఇక మన సంగతి. పౌలు భక్తుడు సేవచేసిన కొరింథు పట్టణమునకు దగ్గరలోనే ఇస్త్మస్ అను చోట రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెడివి. అందుచేతనే ఆయన ఆ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పరుగెత్తువాని ఉపమానమును చెప్పెను. ఆ భాగముపై మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. కాని అదే పత్రికలో మూడు అధ్యాయములు దాటి ఆయన శరీరమును గూర్చి వ్రాయుచు, బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని బోధించుచున్నాడు. ఈ రెండు అధ్యాయములను కలిపి చదువుట మనకు అలవాటు లేదు. పరుగెత్తువానిని మెచ్చుకొందుము, పరుగెత్తలేనివానిని గోడ ప్రక్కన నిలుపుదుము. రహీము గారు ఆ పత్రికను చదివిరో లేదో మేమెరుగము. ఎడమకాలిని గౌరవించి దానికి పని చెప్పిన ఆయన పోటీని చూడగా, ఆ రెండు అధ్యాయములును ఒకే మైదానములో మాకు కనబడినవి.

మన సంఘములలోను ఎడమకాళ్లు ఉన్నవి. చదువు మానిన బాలుడు, నత్తిగా మాటలాడు బాలిక, పాట రానివాడు, కోతకూలికి పోవుటచేత ఆదివారపు బడికి ఆలస్యముగా వచ్చువాడు, నడువలేని ముసలివారు. పాడగలవాడే ప్రతిసారి పాడును. చదువగలవాడే ప్రతిసారి చదువును. వాటమైన కాలితోనే మనము నడచుచున్నాము. సంవత్సరములో కొన్ని దినములైనను, వాటమైనవారు కొంచెము ఆగి, ఎన్నడును పిలువబడనివారికి పని అప్పగించినయెడల ఎట్లుండును? మొదట తడబాటు ఉండును, కొందరికి నవ్వు కూడ వచ్చును. రహీము గారి పోటీలలోను మొదట అంతే గదా!

సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. ఈ వేసవిలో కూటమునకు ముందు ఒక గంట గుడి ఆవరణమును పిల్లలకు విడిచిపెట్టుడి. బంతి తగిలినంతమాత్రమున తలుపు విరుగదు. ఉపాధ్యాయులుగాని యువజనులుగాని ఒకరు దగ్గర నిలిచి ఆడింపుడి. వారమునకొక దినము అందరును వాటము లేని కాలితోనే ఆడవలెనని నియమము పెట్టుడి. ఆ దినమున పెద్దవాడును చిన్నవాడును, నేర్పరియు నేర్పులేనివాడును ఇంచుమించు ఒక్కటే యగుదురు.

మేము తరిమిన ఆ బాలుని మరల చూచు అవకాశము మాకు కలుగలేదు. వాడిప్పుడు యువకుడై యుండును. వాని వద్ద క్షమాపణ కోరవలెనని మనస్సు తొందరపడుచున్నది గాని వాని పేరైనను మేము అడుగలేదు. కావున మా ఋణమును మీకు అప్పగించుచున్నాము. మీ ఆవరణములో జట్లు పంచుకొనునప్పుడు గోడ ప్రక్కన ఎవడైనను నిలిచియున్నాడేమో చూడుడి. వాని పేరు అడుగుడి. వానినే మొదట పిలువుడి.